ముక్కులోంచి నెత్తురు కారితే తల ఎత్తకండి, గడియారం చూడండి

సమస్య: ఉన్నట్టుండి నెత్తురు ధార కడుతోంది

మే నెలలో రెంటచింతల వైపు మా బంధువుల పెళ్లి. మధ్యాహ్నం భోజనాల వేళ మా చిన్నోడి చొక్కా ముందంతా నెత్తురు. ఒకరు వాడి తల వెనక్కి వాల్చారు, ఒకరు నెత్తిన చెంబుడు నీళ్లు పోశారు, ఇంకొకరు వాసన చూపించడానికి ఉల్లిపాయ పట్టుకొచ్చారు. కాసేపటికి వాడు నల్లగా వాంతి చేసుకున్నాడు. ఇక అందరికీ టెన్షన్. తీరా చూస్తే అది వాడు మింగిన నెత్తురే. తల వెనక్కి వాలిస్తే కారడం ఆగదు, బయటికి రావాల్సింది గొంతులోకి పోతుంది, అంతే.

కూర్చోబెట్టి తల కాస్త ముందుకు వంచండి. ముక్కు కింది మెత్తటి భాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో రెండు వైపులా కలిపి గట్టిగా పట్టుకోండి. కళ్లజోడు ఆనే ఎముక దగ్గర నొక్కితే లాభం లేదు. ఎక్కువమందికి నెత్తురు వచ్చేది రెండు రంధ్రాల మధ్య గోడకు ముందు భాగంలో, వేలికి అందే చోటులో ఉన్న సన్నటి రక్తనాళాల నుంచే. ఊపిరి నోటితో తీసుకోవాలి. నోట్లోకి వచ్చింది ఉమ్మేయాలి.

అలా 10 నుంచి 15 నిమిషాలు. అందరం తప్పు చేసేది ఇక్కడే. రెండు నిమిషాలకోసారి "ఆగిందా?" అని వేళ్లు తీసి చూస్తాం. అప్పుడప్పుడే గడ్డకడుతున్నది కాస్తా ఊడుతుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. ఆగకపోతే ఇంకో 15 నిమిషాలు పట్టండి. అప్పటికీ ఆగకపోతే, లేదా గొంతులోకి ధారగా దిగుతుంటే, కళ్లు తిరుగుతుంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. తలకు దెబ్బ తగిలాక మొదలైతే 15 నిమిషాలు కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. దూది కుక్కకండి, తీసేటప్పుడు మళ్లీ మొదలవుతుంది. గరిక రసం, ఉల్లి రసం చుక్కలూ వద్దు.

సమస్య: ఆగింది, కానీ మళ్లీ మళ్లీ వస్తోంది

"వేడి చేసింది" అంటాం. అసలు సంగతి, పొడి గాలికి ముక్కు లోపలి పొర ఎండి పక్కు కడుతుంది, పిల్లలు దాన్ని గోరుతో గిల్లుతారు. సబ్జా నీళ్లు తాగించండి, తప్పులేదు. కానీ మందు వేయాల్సింది ముక్కులోనే. మెడికల్ షాపులో దొరికే సెలైన్ చుక్కలు రోజుకు మూడు నాలుగుసార్లు వేసి, పడుకునే ముందు రంధ్రం అంచున లోపలి వైపు వేలికొసతో పల్చగా వ్యాజిలిన్ రాయండి. గోళ్లు కత్తిరించండి. నెత్తురు వచ్చిన రోజు గట్టిగా చీదొద్దు, వేడి వేడి టీ వద్దు.

అలర్జీకి స్ప్రే కొట్టుకునేవారు ఒకటి చూసుకోవాలి. మందు మధ్య గోడకు తగిలితే అక్కడే పుండు పడుతుంది. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొడితే అది దానంతటదే చెంప వైపు తిరుగుతుంది.

నెత్తురు పల్చబరిచే మాత్రలు వాడుతుంటే వాటిని సొంతంగా ఆపకండి, రాసిచ్చిన డాక్టరును అడగండి. వానాకాలంలో జ్వరంతో పాటు ముక్కులోంచి నెత్తురు వస్తే డెంగీ కావచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించండి.

సమస్య: ముక్కు దిబ్బడ, లోపల వాచినట్టుంది

పడిశమో, దుమ్ము, వయ్యారిభామ పుప్పొడి లాంటివి పడకపోవడమో కారణం. లోపలి పొర ఉబ్బి దారి మూసుకుంటుంది. చాలామంది వెంటనే ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ చుక్కలు వేస్తారు. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అదే చిక్కు. ఐదు రోజులు దాటితే మందు దిగగానే ముందుకంటే ఎక్కువగా మూసుకుపోతుంది, చుక్కలు లేనిదే నిద్ర పట్టని స్థితి వస్తుంది. దానికంటే ఉప్పునీళ్లతో కడగడం నయం. పావులీటరు నీళ్లు మరగబెట్టి, గోరువెచ్చగా చల్లార్చి, అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. కుళాయి నీళ్లు మాత్రం అలాగే వాడకండి. ముక్కులోంచి మెదడుకు పాకే అమీబా అరుదే, కానీ సోకితే బతకడం కష్టం.

కొన ఎర్రబడి ముట్టుకుంటే నొప్పిగా ఉంటే లోపల సెగ్గడ్డ. వెంట్రుకలు పీకితే వస్తుంటుంది. చిదమొద్దు, వేడి గుడ్డతో కాపడం పెట్టండి. జ్వరం వచ్చినా, వాపు కంటి వైపు పాకినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

బంతి తగిలి ముక్కు వాస్తే, నెత్తురు ఆగాక టార్చి వేసి చూడండి. మధ్య గోడ ముదురెరుపుగా ఉబ్బి రెండు వైపులా దారి మూసుకుంటే లోపల నెత్తురు గూడు కట్టినట్టే. ఆ రోజే తీయించాలి, లేకపోతే లోపలి మెత్తటి ఎముక పాడై ముక్కు కుంగిపోతుంది.

పిల్లలకు ఒక్క వైపునే కంపు కొట్టే చీమిడి, నెత్తుటి చారలతో కారుతుంటే లోపల ఏదో ఇరుక్కుందన్నమాట. మా ఇంట్లో అది శనగపప్పు. బొమ్మల్లోని బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే లోపల కాలుస్తుంది. పిన్నీసుతో తీయబోకండి, తెల్లారేదాకా ఆగకండి.