సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో గోల్ఫ్ ఆడబోయే ముందు

స్కాట్లాండ్‌కి విమానం టికెట్ కొనకముందే ఇవి చూసుకోండి.

- ఆదివారం పెట్టుకోకండి. మామూలుగా ఆ రోజు ఆట ఉండదు, ఊళ్లోవాళ్లు కుక్కల్ని తిప్పుకుంటారు. కోర్స్‌లోని పాత రాతి వంతెన స్విల్కన్ మీద ఫొటోకి మాత్రం అదే మంచి రోజు.
- ముందస్తు బుకింగ్ దొరక్కపోతే 48 గంటల ముందు బ్యాలెట్‌లో పేర్లు ఇవ్వొచ్చు, కనీసం ఇద్దరుండాలి. అది లాటరీ. రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి.
- హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (మీ ఆట స్థాయి చూపే పత్రం) మరవద్దు.
- నడకే. బగ్గీ (కోర్స్‌లో తిరిగే చిన్న బండి) మీద ఆశ వద్దు.
- పక్కనే సముద్రం. జూలైలోనూ స్వెటర్, వానకోటు సంచిలో ఉండాలి.
- బంకర్లు (ఇసుక గుంటలు) 112. 17వ హోల్ దగ్గరి రోడ్ బంకర్‌తో పంతానికి పోకండి. 1978 ఓపెన్ టోర్నీలో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ (హోల్ రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదికి చేరాక పుట్ కొడితే, అంటే బంతిని నేల మీద దొర్లిస్తే, అది ఆ బంకర్‌లో పడింది. ఆ హోల్‌కి 9 దెబ్బలయ్యాయి. పడితే వెనక్కో పక్కకో కొట్టి బయటపడండి, నామోషీ ఏం లేదు.
- అదే గ్రీన్ వెనక తారురోడ్డూ ఆటలో భాగమే. బంతి అక్కడ ఆగితే అక్కడినుంచే కొట్టాలి.
- ఏడు గ్రీన్‌లు రెండేసి హోల్స్‌కి ఉమ్మడి, అందుకే వాటికి రెండేసి జెండాలుంటాయి. వెళ్లేటప్పుడు (మొదటి 9 హోల్స్) తెల్లది, తిరిగొచ్చేటప్పుడు ఎర్రది మీది.
- 1, 18 హోల్స్‌ను ఒక దారి అడ్డంగా దాటుతుంది. మనుషులు, కార్లు వెళ్లేదాకా ఆగండి.