టచ్ అయిందా, కాలేదా? కబడ్డీలో అంపైర్ నిలబడే చోటుతో వచ్చే గొడవలు, పరిష్కారాలు

వరంగల్, పరకాల, నర్సంపేట వైపు సంక్రాంతి పోటీలకూ, బడి పిల్లల మండల స్థాయి ఆటలకూ చాలా ఏళ్లుగా అంపైరింగ్ చేస్తున్నాను. గొడవ జరిగిన ప్రతిచోటా ఒకటే మాట వినబడుతుంది: "అంపైర్‌కు రూల్స్ రావు." నేను చూసినంతవరకు చాలామందికి రూల్స్ బాగానే వచ్చు. నిలబడాల్సిన చోట నిలబడక, చూడాల్సింది చూడలేకపోతున్నారు. ఆట తెలిసినవాళ్ల కోసమే రాస్తున్నాను కాబట్టి బోనస్ అంటే ఏమిటో, లాబీ ఎప్పుడు ఆటలోకి వస్తుందో మళ్లీ చెప్పడం లేదు.

మొదట ఇది చూడండి

టాస్ వేయకముందే సైడ్ లైన్ పక్కన ఒకసారి నడవండి. మధ్య గీత దగ్గర మొదలుపెట్టి ఎండ్ లైన్ దాకా, చూపు కోర్టు మీదే ఉంచి, నేల వైపు చూడకుండా నడవాలి. ఎవరి చెప్పులో, నీళ్ల బాటిలో కాలికి తగిలాయంటే మ్యాచ్ మొదలుపెట్టకండి. మగవాళ్ల కోర్టు పొడవు 13 మీటర్లు, అంటే ఒక్కో సగం 6.5 మీటర్లు. మధ్య గీత నుంచి బోనస్ గీతకు 4.75 మీటర్లు. 30 సెకన్ల కూతలో ఆ దూరం మీరు రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరగాల్సి రావచ్చు. జనం గీత దాకా వచ్చి కూర్చుంటే మీరు ఒక్కచోటే స్తంభంలా ఉండిపోతారు. తర్వాత చెప్పే ఏ చిట్కా పనిచేయాలన్నా ముందు మీ కాళ్లకు దారి ఉండాలి. రెండు వైపులా మీటరున్నర వదిలి తాడు కట్టించండి. ముందు వరుసలో ఊరి పెద్దల కుర్చీలు ఉంటే మొహమాటపడకండి. "సర్పంచ్ గారూ, ఒక్క గజం వెనక్కి జరగండి, మీకూ ఆట బాగా కనబడుతుంది" అని అడిగితే ఇప్పటిదాకా కాదన్నవాళ్లు నాకు తగల్లేదు. ఇంత చిన్న పని దాదాపు ప్రతి ఊళ్లో వదిలేస్తున్నారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

సమస్య: బోనస్ ఇచ్చిన ప్రతిసారీ గొడవ

మట్టి కోర్టు అయితే ముందు సున్నం చూడండి. పది కూతలయ్యేసరికి బోనస్ గీత సగం చెరిగిపోతుంది. హాఫ్ టైమ్‌లో మళ్లీ పోయించండి. గీత బాగానే ఉన్నా గొడవ ఆగడం లేదంటే మీరు దాన్ని ఏటవాలుగా చూస్తున్నారన్నమాట. రైడర్ (కూతకు వెళ్లినవాడు) కాలు ఒకటి గీత దాటిందా, ఆ క్షణంలో రెండో కాలు గాలిలో ఉందా అన్నది గీత వెంబడి చూసేవాడికే తెలుస్తుంది. మధ్య గీత దగ్గర నిలబడితే కాలు గీత మీద పడినా దాటినట్టే ఉంటుంది.

సమస్య: మూలలో టచ్ అయిందని రైడర్, కాలేదని కార్నర్ (మూలలో ఆడే డిఫెండర్)

అంపైర్‌ను అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది ఇదే. ఇందులో నేనూ దెబ్బతిన్నాను.

పరకాల దగ్గర ఒక ఊళ్లో రాత్రి ఫైనల్. చివరి నిమిషం, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. కూతకు వచ్చిన పిల్లాడు నేనున్న వైపు మూలకు దూసుకొచ్చి చెయ్యి చాపాడు. కార్నర్ వెనక్కి వంగాడు. నాకు రెండడుగుల దూరంలోనే జరిగింది కాబట్టి అనుమానమే లేకుండా టచ్ ఇచ్చేశాను. కార్నర్ ఆడిన పిల్లాడు నాతో వాదించలేదు. తన తెల్ల బనియన్‌ను రెండు చేతులతో చాచి లైటు కింద చూపించాడు. రైడర్ అరచేయి నిండా ఎర్రమట్టి. బనియన్ మీద మాత్రం మరక లేదు. అప్పటికి పాయింట్ ఇచ్చేశాను, విజిల్ కూడా అయిపోయింది. ఆ పిల్లాడి మొహం ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

అంత దగ్గర నుంచి చూసి ఎలా తప్పాను? మర్నాడు పొద్దున హన్మకొండలో గ్రౌండ్‌కు వచ్చే ఇద్దరు పిల్లల్ని పిలిచాను. ఒకణ్ణి మూలలో నిలబెట్టి, రెండోవాడి చేతిని వాడి ఛాతీకి రెండంగుళాల దూరంలో ఆపమన్నాను. మూల వెనక, బోనస్ గీతకు ఎదురుగా నిలబడితే చెయ్యి ఛాతీకి ఆనుకున్నట్టే కనబడింది. సైడ్ లైన్ వెంబడి మధ్య గీత వైపు రెండు మూడు అడుగులు, దాదాపు బాక్ లైన్ (మధ్య గీతకూ బోనస్ గీతకూ నడుమ ఉండే గీత) దాకా జరిగి చూశాను. చేతికీ ఛాతీకీ మధ్య వెలుతురు కనబడింది.

అసలు కారణం అదే. మీరు, కార్నర్, రైడర్ ముగ్గురూ ఒకే వరుసలోకి వచ్చేస్తే మధ్యలో సందు ఉన్నా కనబడదు. అప్పుడు మీరు రైడర్ భుజం ఊపునూ, కార్నర్ ఉలికిపాటునూ చూసి ఊహిస్తారు. తెలివైన రైడర్లు మీ ఊహ కోసమే చెయ్యెత్తి అరుస్తారు. అవతలి గీత మీద ఉన్న అంపైర్‌కు రైడర్ వీపు అడ్డం, కాబట్టి అతనూ మిమ్మల్ని కాపాడలేడు. ఇది పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, ఆట మీ దగ్గరికి వస్తున్నకొద్దీ "ఇంకా బాగా కనబడుతోంది" అని మనసు ధైర్యం చెబుతుంది. దాంతో ఇంకో అడుగు ముందుకేస్తారు. నిజానికి ఆ అడుగే చూపును మూసేస్తుంది.

ఏం చేయాలంటే, రైడర్ మీ వైపు మూలకు తిరిగిన క్షణంలోనే మీరు బోనస్ గీత వదిలేసి బాక్ లైన్ వైపు జరగండి. వాడు చెయ్యి చాపాక జరిగితే ఆలస్యమైపోతుంది. అవతలి అంపైర్ మాత్రం కదలకుండా బోనస్ గీతకు ఎదురుగానే ఉండాలి. రైడర్ కాళ్లు అతనివి, చేతులు మీవి. రైడర్ అటు మూలకు తిరిగితే మీ పనులూ తిరగబడతాయి. ఈ ఒప్పందం టాస్ ముందే నోటితో చెప్పుకోవాలి: "అన్నా, దగ్గరున్నవాడికి టచ్, దూరమున్నవాడికి బోనస్." సీనియర్ పక్కన చేస్తుంటే "సార్, మూల నా వైపు వస్తే బోనస్ మీరు చూస్తారా?" అని అడగండి. ఎవరూ తప్పు పట్టరు. అలా చెప్పుకోకపోతే ఇద్దరూ చేతులే చూస్తారు, గీతను ఎవరూ చూడరు.

బాక్ లైన్ వైపు జరగడంలో ఇంకో లాభం ఉంది. పట్టు పడి అందరూ కుప్పగా మధ్య గీత మీదకు వచ్చినప్పుడు మీరు ముందే సగం దారిలో ఉంటారు.

సమస్య: పట్టులో రైడర్ చెయ్యి మధ్య గీతకు అందిందా లేదా

కుప్పను చూస్తూ కుప్పతో పాటు నడవకండి. రైడర్ చెయ్యి ఖాళీగా ఉందంటే అది గీత కోసమే చాస్తాడు. కాబట్టి వాడికన్నా ముందే మీరు మధ్య గీతకు ఎదురుగా చేరి, కాస్త వంగి, గీత వెంబడి చూడండి. నిటారుగా నిలబడితే డిఫెండర్ల వీపులే కనబడతాయి. ఇక్కడ మాత్రం రెండో అంపైర్ వెనకే ఉండి, ఎండ్ లైన్ వైపు ఎవరైనా బయట కాలు పెట్టారా, ఎవరైనా బనియన్ పట్టుకుని లాగారా అన్నది చూసుకోవాలి.

ఇవి కాక అరుదుగా వచ్చేవి కొన్ని. సాయంత్రం ఎండ కళ్లలో పడుతుంటే ఇద్దరు అంపైర్లూ హాఫ్ టైమ్‌లో వైపులు మార్చుకోండి. డీజే మోతలో కూత వినబడకపోతే కూత నడిచేటప్పుడు పాట ఆపించండి. లైటు ఒకవైపే ఉండి నీడలు పడుతుంటే కమిటీతో చెప్పి రెండో వైపు ఇంకో స్తంభం వేయించండి.

ఇంత చేసినా ఒక్కోసారి ఇద్దరికీ కనబడదు. అప్పుడు ఊహించి వేలెత్తకండి. ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లి "నువ్వు చూసింది ఏమిటి?" అని మాత్రమే అడగండి, "టచ్ కదా?" అని అడగొద్దు. మాట కలవకపోతే రెఫరీ తేలుస్తాడు. ఆటగాళ్లు మీ చుట్టూ మూగకముందే, విజిల్ నోట్లోంచి తీయకుండా ఆయన దగ్గరికి నడవండి.