అరకు ఘాట్‌కు పికప్ తీస్తున్నారా? ముందు క్యాబిన్ సర్దండి

మొన్న అరకు దారిలోని అనంతగిరి ఘాట్ దిగుతూ ఒక పికప్ కొండ పక్క కాలువలోకి ఒరిగింది. అదృష్టం బాగుండి లోయ వైపు పోలేదు. బ్రేకులు ఫెయిలయ్యాయని అందరూ అన్నారు. బండిని లాక్కొచ్చి చూస్తే బ్రేకులు బాగానే ఉన్నాయి. పెడల్ కింద లీటరు నీళ్ల బాటిల్ ఇరుక్కుని ఉంది.

కార్తీకం మొదలైతే వనభోజనాలకు గిన్నెలు, టెంట్లు, సౌండ్ బాక్సులు వేసుకుని విశాఖలో గాజువాక నుంచి, మధురవాడ నుంచి బళ్లన్నీ అరకు దారి పడతాయి. సంక్రాంతి దాటేదాకా ఇదే హడావిడి. వెనక బాడీలో లోడుకు తాళ్లు బిగించడం మీకు ఒకరు చెప్పక్కర్లేదు. టైర్లు, లైట్లు చూసుకునే బయలుదేరతారు. క్యాబిన్ లోపల దొర్లే సామాను సంగతే ఎవరికీ పట్టదు.

మా షెడ్డుకు వచ్చే బళ్లలో కనిపించే తప్పు ఒకటే. డ్రైవర్ సీటు కింద, డ్రైవర్ కాళ్ల దగ్గర ఏదో ఒకటి పెట్టడం. బాటిల్, స్పానర్, గొడుగు, తుడిచే గుడ్డ. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి ఘాట్ మొదలయ్యేదాకా అవి ఎక్కడివక్కడే ఉంటాయి. ఎక్కేటప్పుడు వెనక్కి ఒత్తుకుంటాయి కాబట్టి అప్పుడూ తెలియదు. దిగేటప్పుడే అసలు బాధ. బండి ముక్కు కిందికి వాలుతుంది, పైగా మలుపు మలుపుకీ బ్రేక్ వేస్తాం. సీటు వెనక పడేసిన జాకీ రాడ్ కూడా సీటు కింద నుంచి జారి తిన్నగా పెడల్స్ దగ్గరికే వస్తుంది.

ప్లాస్టిక్ బాటిలే కదా, తొక్కితే నలిగిపోతుంది అంటారు. మూత బిగించిన బాటిల్ అంత తేలిగ్గా నలగదు, లోపల గాలే ఉన్నా సరే. పెడల్ సగంలో ఆగిపోతుంది.

ఇక చెప్పులు. వట్టి కాళ్లతో నడిపే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. విడిచిన చెప్పులు ఎక్కడ పెడతారు? అక్కడే, పెడల్స్ పక్కన. అవి పక్క సీటు వైపు ఒక సంచిలో పెట్టుకోండి. డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ తప్ప ఏదీ ఉండకూడదు. ఆ మ్యాట్ కూడా జారకుండా బిగించి ఉండాలి. దాని మీద ఇంకో మ్యాట్ వేయకండి.

బరువైన సామాను గురించి. 60 కిలోమీటర్ల వేగంలో బండి దేన్నైనా గుద్దుకుంటే లోపల కట్టకుండా వదిలేసిన జాకీ అదే వేగంతో ముందుకు వస్తుంది. దాదాపు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి, నెత్తిన పడితే ఎంత దెబ్బో అంత దెబ్బ. అందుకే జాకీని బండితో వచ్చిన క్లాంపులోనే బిగించాలి. క్లాంపు పోయి ఉంటే కొత్తది వేయించండి. స్పానర్లను గోనెసంచిలో చుట్టి, గట్టిగా కట్టి, పక్క సీటు వెనక సందులో కదలకుండా ఇరికించండి. టూల్ బాక్సు కింద పాత ట్యూబు ముక్క వేస్తే జారదు. డబుల్ క్యాబ్ అయితే బరువైనవి వెనక సీటు మీద కాదు, కింద, ముందు సీటుకు ఆనించి పెట్టాలి. తేలికవి సీటు మీద పెట్టి బెల్టు పెట్టండి.

అతికించే టేపులను నమ్మకండి. విశాఖ ఎండకు, ఉక్కకు జిగురు వదిలేస్తుంది. హుక్కులను సముద్రపు గాలి తినేస్తుంది, ఏడాదికోసారి లాగి చూడండి. హార్బర్ నుంచి ఐసు, చేపలు తోలే బళ్లలో క్యాబిన్ నేల ఎప్పుడూ తడే. తడి నేల మీద ఏ వస్తువైనా జారుతుంది.

డ్యాష్‌బోర్డు మీద సింహాద్రి అప్పన్న ఫోటో అతికించుకోండి. ఇత్తడి విగ్రహం మాత్రం వద్దు. పూజ చేయించిన కొబ్బరికాయ క్యాబిన్‌లో దొర్లనివ్వకండి, సంచిలో కట్టేయండి.

గ్యాస్ సిలిండర్ క్యాబిన్‌లో వద్దు, చిన్నదైనా వద్దు.

గేర్ రాడ్‌కు, హ్యాండ్ బ్రేక్‌కు సంచులు తగిలించకండి.

పిల్లల బంతులు వెనక బాడీలోకి.

నీళ్ల బాటిల్ డోరు అరలోనే. పట్టకపోతే పక్క మనిషి చేతిలో. డ్రైవర్ కాళ్ల దగ్గర కాదు.

అన్నీ సర్దాక ఖాళీ మైదానంలో 20 కిలోమీటర్ల వేగంలో ఒక్కసారి గట్టిగా బ్రేక్ వేసి చూడండి. ఏది కదిలినా మళ్లీ కట్టండి.

దారిలో ఏదైనా పెడల్ కింద ఇరుక్కుంటే వంగి తీయకండి. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకండి. పెడల్ మీద నుంచి కాలు ఎత్తి, మడమతో దాన్ని పక్కకు తన్నండి. గేరు తగ్గించండి. హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది. ఆగకపోతే కొండ వైపుకే తిప్పండి. ఇంజన్ మాత్రం ఆపకండి, ఆపితే బ్రేక్ పెడల్ గట్టిపడి, తొక్కినా సరిగా దిగదు.

తిరుగు ప్రయాణంలో అనంతగిరి కాఫీ తోటల దగ్గర టీకి ఎలాగూ ఆగుతారు. దిగడం మొదలుపెట్టే ముందు, అక్కడే, సీటు కింద చెయ్యి పెట్టి చూడండి. క్లీనర్‌కి చెప్పి ఊరుకోకండి, మీ చేత్తో మీరే చూడండి.