ఒకే పార్టీ దేశంలో ఎన్నికల వార్త వస్తే ఎట్లా చదవాలి

వియత్నాం, క్యూబా, లావోస్ లాంటి చోట్ల పార్లమెంటు ఎన్నికలు జరిగాయని వార్త వస్తే, ముందు సీట్లెన్ని, పేర్లెన్ని అని చూడండి. పోలింగ్ శాతం చూసి నోరెళ్లబెట్టొద్దు. 2021లో వియత్నాం 99 దాటిందన్నారు. 2022 ఉప ఎన్నికలో మన మునుగోడు 93 దాటింది. అయితే మునుగోడు బరిలో 47 మంది ఉన్నారు.

2023లో క్యూబాలో 470 సీట్లకు 470 పేర్లే. వియత్నాంలో 500 సీట్లకు 860కి పైగా ఉంటే పోటీ ఉందనిపిస్తుంది. తొందరపడకండి. ఆ పేర్లన్నీ అక్కడి కమ్యూనిస్టు పార్టీ చెప్పుచేతల్లో ఉండే ఫాదర్‌లాండ్ ఫ్రంట్ అనే సంస్థ మూడు విడతల వడపోత దాటి వచ్చినవి. నన్నడిగితే అసలు ఎన్నిక అక్కడే అయిపోతుంది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినబడాలని నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ ఏకంగా పుస్తకమైంది. తర్వాత డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచారు గానీ, ఆ 480 పేర్లలో ఒక్కటీ ‘మాకు నచ్చలేదు’ అని తీసెయ్యలేకపోయారు.

తర్వాత, ‘వద్దు’ అనాలంటే ఓటరు ఏం చెయ్యాలో కనుక్కోండి. పంతులుగా ఎన్నోసార్లు పోలింగ్ డ్యూటీ చేసినవాణ్ణి, నా కన్ను ముందు ఓటింగ్ కంపార్ట్‌మెంట్ మీదికే పోతుంది. సోవియట్ కాలంలో బ్యాలెట్ మీద ఒక్కటే పేరు. ఒప్పుకునేవాళ్లు ఏ గుర్తూ పెట్టకుండా కాగితాన్ని డబ్బాలో వేస్తే చాలు. వద్దనుకుంటే పేరు కొట్టెయ్యాలి, అందుకు తెర చాటుకు పోవాలి. పోయేది ఎవరో గదిలో అందరికీ కనిపిస్తుంది. ఇక రహస్య ఓటని చట్టంలో రాసుకుని ఏం లాభం? మా టీ కొట్టు దగ్గర పాత కామ్రేడ్లు ‘అక్కడ జనమంతా ఒక్కమాట మీద ఉండేవాళ్లు’ అంటే ఈ తెర సంగతి ఎత్తుతాను. వెంటనే ఇంకో టీ చెప్తారు.

అట్లని కొట్టివేతకు బలం లేదనుకోకండి. 1989లో లెనిన్‌గ్రాడ్ పార్టీ పెద్ద సోలోవ్యోవ్ మీద ఎవరూ పోటీ లేరు. సగానికి మించి ఓటర్లు ఆయన పేరు కొట్టేశారు, ఓడిపోయాడు.

ఒక ఏడాది పోలింగ్ శాతం పెద్దగా ఏమీ చెప్పదు, పదేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. క్యూబాలో 2013లో 90 దాటింది, 2023కు 76 దగ్గరికి దిగింది. ఖాళీ బ్యాలెట్లు, చెల్లని ఓట్ల లెక్క కూడా అక్కడ ఇస్తారు. అదీ రాసుకోండి.