భయానక కథలను పిల్లల గ్రాఫిక్ నవలలుగా మలచడం ఎలా

పాత భయానక కథను పదేళ్లు దాటిన పిల్లల కోసం గ్రాఫిక్ నవలగా, అంటే బొమ్మలతో నడిచే కథగా మలచేవారు సాధారణంగా కథలోని భయాన్నే తగ్గించబోతారు. తగ్గించవలసింది రక్తపాతాన్ని మాత్రమే. భయం పోతే ఆ కథ చెప్పడానికి కారణమే మిగలదు.

బొమ్మ మొదలుపెట్టే ముందు సంక్షిప్త ప్రతిని కాకుండా అసలు రచనను రెండుసార్లు చదవండి. రెండోసారి చదివేటప్పుడు, మీకు భయం కలిగిన ప్రతిచోటా ఆ భయం కనబడిన దాని వల్ల కలిగిందా, కనబడని దాని వల్లనా అని అంచున రాసుకోండి. సినిమాల్లో చూసిన రూపాలను నమ్ముకోకండి. ఫ్రాంకెన్‌స్టైన్ తయారుచేసిన ప్రాణి అనగానే గుర్తుకొచ్చే చదునైన తల 1931 నాటి సినిమాది. మేరీ షెల్లీ 1818 నాటి నవలలో ఆ ప్రాణి ఎనిమిది అడుగుల ఎత్తు ఉంటుంది. దాని చర్మం పసుపుపచ్చగా ఉంటుంది, జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది, పళ్లు ముత్యాల్లా ఉంటాయి. అది చక్కగా మాట్లాడుతుంది కూడా. చూపులేని ముసలాయన దానితో దయగా మాట్లాడే ఘట్టాన్ని నిడివి కోసం తీసేసిన అనుసరణలో ఆ ప్రాణి ఉత్త రాక్షసుడై పోతుంది. నా దృష్టిలో అది క్షమించరాని కోత.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పేజీ తిప్పే క్షణం మీద. పుస్తకం తెరిచినప్పుడు ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలూ ఒకేసారి కంట పడతాయి కనుక, హఠాత్తుగా కనబడవలసిన బొమ్మను కుడి పేజీలో వేస్తే పాఠకుడు దాన్ని ముందే చూసేస్తాడు. ప్రశ్న కుడి పేజీ చివరి ప్యానెల్‌లో (చట్రం గీసిన ఒక్కో బొమ్మ ఒక ప్యానెల్) ఉండాలి, జవాబు తిప్పిన తర్వాత వచ్చే ఎడమ పేజీలో ఉండాలి.

డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో ప్రచురించిన ‘ది మంకీస్ పా’ చివరి ఘట్టాన్ని తీసుకోండి. యంత్రంలో చిక్కి చనిపోయిన కొడుకును తిరిగి రప్పించమని తల్లి పట్టుబట్టి, కోరికలు తీర్చే మాయా కోతి పాదాన్ని తండ్రి చేత కోరిక కోరిస్తుంది. ఆ రాత్రి తలుపు చప్పుడవుతుంది. తల్లి కుర్చీ ఎక్కి పై గడియ అందుకునేలోగా, తండ్రి నేల మీద తడుముకుంటూ కోతి పాదాన్ని వెతికి చివరి కోరిక కోరుతాడు. తలుపు తెరిస్తే వీధి దీపం, నిర్మానుష్యమైన బాట తప్ప ఏమీ ఉండదు. వచ్చినదేమిటో రచయిత చూపించలేదు, మీరూ చూపించకండి. తలుపు చప్పుడును మొదట చిన్న అక్షరాలతో మొదలుపెట్టి, ప్యానెల్ ప్యానెల్‌కూ పెంచుతూ, చివరకు గీత దాటి బయటికి వచ్చేలా రాయండి. కుడి పేజీ అడుగున గడియ మీద వణుకుతున్న వేళ్లు మాత్రమే వేసి, తిప్పిన పేజీ మొత్తాన్ని ఏ అక్షరమూ లేకుండా ఆ ఖాళీ బాటకు వదిలేయండి.

డ్రాక్యులా వంటి నవల డైరీలు, ఉత్తరాలు, పత్రికా వార్తలతో నడుస్తుంది కనుక ఒక్కొక్కరికి ఒక్కో చేతిరాత ఇస్తే చాలు, వ్యాఖ్యానం అక్కరలేదు.

తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి బెలూన్‌లో, అంటే పాత్రల మాటలు రాసే బుడగలో, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉంచాలి. అందువల్ల ఒక్కో బెలూన్‌లో మాటలు ఇరవై దాటకుండా చూసుకోవడం మంచిది. ఇంగ్లీషులో మాదిరి పెద్దబడి అక్షరాలు మనకు లేవు గనుక, కేకను అక్షరం లావుతోనూ పరిమాణంతోనూ చూపించాలి. మూలకథపై హక్కుల గడువు తీరిపోయినా, ఇటీవలి అనువాదంపై హక్కులు ఉండవచ్చు. దాని నుంచి వాక్యాలు తీసుకునే ముందు విచారించుకోండి.

రంగులు వేయకముందే పెన్సిల్ ప్రతిని ఒక పిల్లవాడికో పిల్లకో ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. పేజీ తిప్పే ముందు చేయి ఒక్క క్షణం ఆగిందా, లేదా అన్నది గమనించండి. ఆగవలసిన చోట ఆగకుండా తిప్పేస్తే, దాని ముందున్న రెండు పేజీలను మళ్లీ గీయండి.