ఇంటి పన్ను ఆన్‌లైన్‌లో కట్టే ముందు

జీహెచ్‌ఎంసీ ఎర్లీబర్డ్ (ముందే కట్టేవాళ్లకిచ్చే) రాయితీ 5 శాతం. గడువు ఏప్రిల్ 30, అదీ ఆ ఏడాది పన్ను మీదే, పాత బకాయిల మీద కాదు. కట్టబోయే ముందు ఇవి చూసుకోండి.

• గూగుల్‌లో వెతికి పైన కనిపించిన లింకు నొక్కొద్దు. అది డబ్బిచ్చి పెట్టుకున్న ప్రకటన కావచ్చు. అడ్రసు మీరే టైప్ చేయండి. సైటు పేరు చివర .gov.in (ముందున్న చుక్కతో సహా) ఉండాలి, తాళం గుర్తు ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, దొంగ సైటుకూ అది వస్తుంది. యూబ్లాక్ ఆరిజిన్ (క్రోమ్‌లో అయితే దాని లైట్ వెర్షన్) లాంటి యాడ్-ఆన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్, ఉంటే ఈ ప్రకటనలు చాలావరకు కనిపించవు.

• వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ వేసేది), పన్ను నోటీసు అన్నా సరే, తెరవద్దు. మీ ఓటీపీలు చదివేయగలదు.

• కూపన్లు, వాతావరణం అంటూ ఎప్పుడో వేసుకున్న ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. "అన్ని సైట్లలో డేటా చదవడం, మార్చడం" అనుమతి ఉన్నది మీ కార్డు నంబరూ చూడగలదు. (నా దాంట్లో ఏడు తేలాయి, నాలుగు ఎందుకు వేశానో గుర్తే లేదు.)

• పీటీఐఎన్ (మీ ఇంటి పన్ను గుర్తింపు సంఖ్య) కొట్టాక ఇంటి నంబరు సరిచూడండి. పక్కింటి పన్ను కట్టేస్తే వెనక్కి రప్పించుకోవడం పెద్ద తలనొప్పి.

• డబ్బు కట్ అయి రసీదు రాకపోతే వెంటనే మళ్లీ కట్టొద్దు. మోసమని తేలితే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.