విదేశంలో చదువుకుంటున్న మన దగ్గరికి అమ్మానాన్నలు వచ్చేముందు చూసుకోవాల్సినవి

- మీ పరీక్షల తేదీలు చూశాకే వాళ్ల టికెట్లు బుక్ చేయండి.
- ప్రయాణ బీమా తప్పకుండా తీసుకోండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు చాలా పాలసీలు వర్తించవు, ఆ షరతు ముందే చదవండి. మందులు, ప్రిస్క్రిప్షన్ చేతి సంచిలోనే ఉండాలి.
- మొదటి 2 రోజులు ఎక్కడికీ తిప్పకండి. జెట్‌లాగ్‌తో నాన్న తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు.
- రోజుకు ఒక్క చోటు చాలు. మనకు 15 నిమిషాల నడక అమ్మ మోకాళ్లకు అరగంట. బెంచీలు, టాయిలెట్లు, లిఫ్ట్ ఎక్కడున్నాయో ముందే వెళ్లి చూసుకోండి. "పర్లేదురా, నడుస్తాం" అంటారు. ఆ మాట నమ్మకండి, ముఖం చూడండి.
- మీ చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇద్దరికీ ఇవ్వండి. మీరు క్లాసులో ఉన్నప్పుడు వాళ్ల ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే అదే ఆధారం.